మాఘం చూసి రాజీనామా రాయకండి

ప్రశ్న: నా వయసు 28. మాది ఏలూరు. విజయవాడలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో పని చేస్తున్నాను. నెలకు 34 వేలు చేతికొస్తుంది. మూడేళ్ల కిందట కెమెరా కొన్నాను. అప్పటి నుంచి ఆదివారం వస్తే చాలు, చీకటితోనే లేచి ఆటపాక వెళ్లి కొల్లేరు పక్షుల ఫొటోలు తీస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో 11 వేల మంది ఫాలో అవుతున్నారు. ఒక స్నేహితుడి పెళ్లికి సరదాగా తీసిన ఫొటోలు చూసి ఇంకొందరు పిలిచారు. ఈ మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఏడు పెళ్లిళ్లు చేశాను. 2 లక్షల 10 వేలు వచ్చింది. అంటే నా ఆరు నెలల జీతం! అప్పటి నుంచి ఆఫీసులో మనసు నిలవడం లేదు. ఉద్యోగం మానేసి, 6 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరా, మంచి లెన్సులు కొని పూర్తిగా ఇందులోకి దిగాలని ఉంది. నాన్నేమో ‘ఫొటోలు తీసుకునేవాడికి పిల్లనెవరిస్తార్రా’ అంటున్నారు. చివరి రెండు పెళ్లిళ్ల ఫొటోలు ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, ఎడిటింగ్‌కి టైమ్ దొరకడం లేదు. ఉద్యోగం లేకపోతే ఈపాటికి ఇచ్చేసేవాణ్ని. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మాఘం ఉంది, ఫాల్గుణం ఉంది. ఆషాఢం ఎక్కడా లేదు. నా జవాబంతా దాని గురించే.

మన దగ్గర ఫొటోగ్రాఫర్ ఆదాయాన్ని నడిపేది పంచాంగం. ఈ పనిలోకి వచ్చిన మొదటి రెండేళ్లు నాకూ ఈ సంగతి తలకెక్కలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. భాద్రపదంలో ఉండవు. ధనుర్మాసం మొదలైతే సంక్రాంతి దాటేదాకా ఖాళీ. ఇవి ఏటా వచ్చేవే కాబట్టి అలవాటు పడిపోతాం. అసలు దెబ్బ మూఢంతో వస్తుంది. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరై కనబడకుండా పోయిన రోజుల్లో పంతులుగారు ముహూర్తం పెట్టరు. అది మంచి సీజన్ మధ్యలో పడిందంటే కల్యాణ మండపాలతో పాటు మన కెమెరా బ్యాగులకూ తాళమే. దానికి తోడు అధిక మాసం. 2023 గుర్తుందా? జూన్ మూడో వారంలో ఆషాఢం మొదలైంది, అది అయిపోగానే అధిక శ్రావణం వచ్చింది. ఆగస్టు మధ్య దాకా, అంటే దాదాపు రెండు నెలలు, ముహూర్తమన్న మాటే లేదు. అప్పటికి నెల నెలా ఈఎంఐ కట్టాల్సిన కుర్రాళ్లు ఇద్దరు నా దగ్గరికొచ్చి ‘అన్నా, ఏదైనా పనుంటే చెప్పు’ అన్నారు. ఇద్దరూ నాకంటే బాగా తీస్తారు.

అందుకే రెండు మంచి నెలల డబ్బుని ఆరు నెలల జీతంతో పోల్చి చూసుకోకండి. పైగా ఆ 2 లక్షల 10 వేలు మీకు మిగిలిన డబ్బు కాదు, మీ చేతుల మీదుగా వెళ్లిన డబ్బు. ఫైనాన్స్ కంపెనీలో పని చేస్తున్నారు, ఈ లెక్క నాకన్నా మీకే బాగా వచ్చుండాలి. పెళ్లికి 30 వేలు చొప్పున తీసుకున్నారనుకుందాం. అందులో కరిజ్మా ఆల్బమ్‌కి 8 వేలు, రెండో కెమెరా పట్టిన అబ్బాయికి 6 వేలు, ఎడిటింగ్ బయటికిస్తే 3 వేలు, పెట్రోలు, టిఫిన్లు, లైట్ల అద్దె కలిపి ఒక 1,500. ఇవన్నీ పోతే చేతిలో ఉండేది 11,500. మీ ఊళ్లో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, మీ బిల్లులు ముందేసుకుని సరిచేసుకోండి. ఈ లెక్కన ఏడు పెళ్లిళ్లకి మిగిలింది 80,500. ఇందులోంచి కెమెరా అరుగుదల తీయలేదు. షటర్‌కి కూడా ఆయుష్షుంటుంది, చాలా మోడళ్లకి లక్ష, రెండు లక్షల క్లిక్కులని కంపెనీవాళ్లే చెబుతారు. ఒక్కో పెళ్లికి 4 వేల క్లిక్కులు కొట్టే మనిషికి అదెంత తొందరగా కరిగిపోతుందో చూసుకోండి.

మీ జీతం ఏడాదికి 4 లక్షల 8 వేలు. పెళ్లికి 11,500 చొప్పున అంత రావాలంటే 36 పెళ్లిళ్లు చేయాలి. ఏడాదికి 36 పెద్ద లెక్కేం కాదనిపిస్తుంది. చిక్కెక్కడంటే, మంచి ముహూర్తం ఉన్న రోజునే ఊరు ఊరంతా పెళ్లి పెట్టుకుంటుంది. ఆ రోజు మీకు పది ఫోన్లు వస్తాయి, ఒక్కటే ఒప్పుకోగలరు. మర్నాడు ఒక్క ఫోనూ రాదు. హోటలువాడికి ఇవాళ గిరాకీ ఎక్కువైతే ఇంకో వాయి ఇడ్లీ వేస్తాడు. మనం ఇంకో మనిషిగా మారలేం. కాబట్టి పెళ్లిళ్ల మీదే బతకాలంటే రెండే దార్లున్నాయి. ఒకటి, రేటు పెంచి తక్కువ పెళ్లిళ్లు చేయడం. రెండు, ఒకే రోజు మూడు చోట్లకి పంపగల టీమ్ పెట్టుకోవడం. రెండోది ఎంచుకుంటే మీరు ఫొటోగ్రాఫర్‌గా ఉండరు, మనుషులకి ఫోన్లు చేసి ‘బయల్దేరావా’ అని అడిగే మేనేజర్ అవుతారు. కొందరికి అది నచ్చుతుంది. నాకు నచ్చలేదు.

ఉద్యోగం మానొద్దని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఎప్పుడు, ఎలా మానాలో చెబుతున్నాను. ఇందులో మనకంటే చాలా ముందు నడిచిన ఒకాయన ఉన్నాడు, లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు వేసే, డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. అప్పటి నుంచి పదేళ్ల పాటు ఆ ఉద్యోగం చేస్తూనే ఫొటోలు తీశాడు. తెల్లదొరలు, సంస్థానాధీశులు పిలిచి తీయించుకునేంత పేరొచ్చాక కూడా కుర్చీ వదల్లేదు. ముందు లాంగ్ లీవు పెట్టి చూసుకున్నాడు, ఆ తర్వాతే మానేశాడు. 1885లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యాడు, మరుసటేడు సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. మనందరం ఆయన్ని రాజా దీన్‌దయాళ్ అంటున్నది నిజాం ఇచ్చిన బిరుదుతోనే.

ఆయన చేసిన ఇంకో పని నాకు ఇంకా ఇష్టం. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాడి ముందు కూర్చోరు కదా. 1892లో వాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. ఊళ్లో ఎవరు ఫొటో తీయించుకోలేకపోతున్నారో వెతికి పట్టుకున్నాడన్నమాట. అదే చూపు మీకూ కావాలి, ఎందుకో కింద చెబుతాను.

ఇక కొల్లేరు. మీ ప్రేమంతా అక్కడే ఉందని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. పెళ్లిళ్ల గురించి డబ్బు లెక్కలో రాశారు, పక్షుల కోసం చీకటితో లేస్తానని రాశారు. ఒక్క పక్షుల ఫొటోలు అమ్ముకుని ఇల్లు గడుపుతున్నవాళ్లు నాకు తెలిసి లేరు. ఆ రంగంలో పేరున్నవాళ్లు కూడా వర్క్‌షాపులు పెడతారు, జనాన్ని అడవులకి తీసుకెళతారు, వేరే పనులు చేస్తారు. ఆటపాక గూడబాతులు మీ ఈఎంఐ కట్టవు, కట్టమని వాటిని అడగొద్దు కూడా. ఆదివారాన్ని వాటికే వదిలేయండి. ఫుల్‌టైమ్‌లోకి వచ్చాక మొదట పోయేది ఆ ఆదివారమే. నేను సరదాకి ఫొటో తీసి ఎన్నేళ్లయిందో లెక్క పెట్టుకోవడం మానేశాను.

అయితే ఆ పక్షులు మీకు నేర్పింది మాత్రం పెళ్లిలో ఉపయోగపడుతుంది. గూడబాతు ఎగరబోయే ముందు ఏం చేస్తుందో మీకు తెలుసు, అందుకే అది ఎగిరేటప్పటికి మీ వేలు షటర్ మీద ఉంటుంది. పెళ్లీ అంతే. అడ్డుతెర వెనక ఇద్దరూ జీలకర్ర బెల్లం పట్టుకుని ఉంటారు. సుముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. తెర దిగిన క్షణాన పెళ్లికూతురు కళ్లెత్తి చూసే ఆ చూపు మహా ఉంటే రెండు సెకన్లు. సరిగ్గా అప్పుడే మేళం హోరెత్తుతుంది, అక్షింతలు వెయ్యడానికి యాభై చేతులు లేస్తాయి, మేనమామ ఫోన్ పట్టుకుని మీ ముందుకొచ్చి నిలబడతాడు. ఆ మేనమామని తిట్టుకుని లాభం లేదు, ఆయన వస్తాడని ముందే తెలిసి ఉండాలి. నేను మండపానికి వెళ్లగానే చేసే మొదటి పని పంతులుగారి పక్కన కూర్చోవడం. ‘తెర ఎటు నుంచి దించుతారండీ, మంగళసూత్రం కట్టేటప్పుడు అబ్బాయి ఎటు నిలబడతాడు, తలంబ్రాలకి కుర్చీలా, పీటలా?’ అని అడిగి తెలుసుకుంటాను. ఒక్కో ఊరికి, ఒక్కో కులానికి, ఒక్కో ఇంటికి ఆనవాయితీ మారుతుంది. గోదావరి జిల్లాల పెళ్లి అలవాటుతో కరీంనగర్ వెళ్లి, ఒక తంతు మొత్తం నేను బయట టీ తాగుతుండగా అయిపోయిన రోజుంది నాకు.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? ఇంటర్ అయిన పిల్లలెవరైనా అడిగితే హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీతో బీఎఫ్‌ఏ ఉంది, ఎంట్రన్స్ రాయమని చెబుతాను. మీకు ఆ వయసు దాటిపోయింది. మీ బడి ఏ సీనియర్ దగ్గరో సెకండ్ షూటర్‌గా, అంటే రెండో కెమెరా పట్టేవాడిగా వెళ్లడమే. 11 వేల ఫాలోవర్లున్నవాడికి ఇంకొకరి వెనక లైటు పట్టుకోవడం కొంచెం నామోషీగా ఉంటుంది. ఒక సీజన్ పాటు ఆ నామోషీ పడండి. ఫొటో సంగతి అటుంచి, ఆయన డబ్బులు ఎలా అడుగుతున్నాడో చూడండి. పెళ్లికొడుకు తండ్రి ‘బ్యాలెన్స్ ఆల్బమ్ వచ్చాక చూద్దాంలే’ అన్నప్పుడు ఆయన ముఖం ఎలా పెట్టాడో చూడండి.

ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఫొటో రాక దెబ్బతినరు, డబ్బు అడగలేక దెబ్బతింటారు. ఒక ఇంట్లో నాకు రావాల్సిన 22 వేల కోసం ఏడాదిన్నర తిరిగాను. ఈలోపు వాళ్లకి మనవడు కూడా పుట్టాడు, బారసాలకి నన్నే పిలిచారు. ఏం చేశానని అడక్కండి. ఇప్పుడైతే ఒక పేజీ ఒప్పందం రాసుకుంటాను. బుకింగ్ రోజున సగం, పెళ్లి రోజు ఉదయం పావు, ఆల్బమ్ డిజైన్ ఓకే చేశాక ప్రింటింగ్‌కి పంపేముందు మిగతా పావు. ప్రింట్ అయిన ఆల్బమ్ మన దగ్గరున్నా దాన్ని ఇంకెవరికీ అమ్ముకోలేం కదా, అందుకే ముందే తీసుకోవాలి.

ఆ పేజీలోనే ఇంకో వాక్యం ఉండాలి. చాలామంది ఫొటోగ్రాఫర్లు ‘నేను తీశాను కాబట్టి ఫొటో నాది’ అనుకుంటారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అలా చెప్పదు. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందమేదీ లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలన్నా, వెబ్‌సైట్‌లో చూపించుకోవాలన్నా ముందే రాయించుకోండి. రాతకోతలు లేకుండా పెళ్లికూతురి ఫొటో పెట్టేసి, అత్తింటివారి ఫోన్ రాగానే తీసేసి, క్షమాపణలు చెప్పుకోవడం కన్నా అది నయం.

లోన్ దగ్గరికొద్దాం. 6 లక్షలు, 14 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 14 వేలు. ఆషాఢంలోనూ 14 వేలే. వద్దు. ఇప్పుడున్న కెమెరాతో ఏడు ఇళ్లవాళ్లు డబ్బులిచ్చారు, కెమెరా బాలేదని ఎవరూ అనలేదు. ఫుల్ ఫ్రేమ్ కావాల్సిన పెళ్లికి అద్దెకి తెచ్చుకోండి, ఆ అద్దె కోట్ చేసేటప్పుడే కలిపేయండి. సొంతంగా కొనాల్సినవి వేరే ఉన్నాయి. చేతులు మారిందైనా సరే రెండు కార్డు స్లాట్లున్న ఇంకో కెమెరా బాడీ, రెండు ఫ్లాష్‌లు, సరిపడా బ్యాటరీలు, కార్డులు, రెండు హార్డ్ డిస్కులు. లెన్సులు పెట్టుకోవడానికి గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్. ఏలూరు ఉక్కపోతకి, కొల్లేరు తేమకి లెన్సులో బూజు పట్టిందంటే కొన్న ధరలో సగమూ రాదు. డ్రోన్ మోజు కూడా ఉండే ఉంటుంది. 250 గ్రాములు దాటినదాన్ని డబ్బుకి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. అది ఉన్నవాణ్ని ఆ పూటకి పిలుచుకోవడమే తేలిక.

ఇప్పుడు ఆషాఢంలో ఏం చేయాలో చూద్దాం. దీన్‌దయాళ్ చూపు అన్నది ఇందుకే. పెళ్లిళ్లు లేని ఆ నెలలోనే బట్టల షాపులకి ఆషాఢం సేల్ ఉంటుంది, శ్రావణానికి కొత్త స్టాకు దిగుతుంది. వాళ్లకి చీరల ఫొటోలు కావాలి. వాట్సాప్‌లో పెడితే ముదురు ఎరుపు ముదురు ఎరుపులాగే కనబడాలి, లేకపోతే సరుకు వెనక్కొస్తుంది. రంగు తప్పకుండా చీర ఫొటో తీయడం పెళ్లి ఫొటో కన్నా కష్టమైన పని, అది వచ్చినవాళ్లు మన జిల్లాల్లో తక్కువ. మీ చుట్టూ చూసుకోండి. ఏలూరులోనే తివాచీలు నేస్తారు. నరసాపురంలో లేసు అల్లుతారు. పెడనలో కలంకారీ అద్దుతారు. ఆన్‌లైన్‌లో అమ్ముకుంటున్న చిన్న వ్యాపారులు చాలామంది ఆ అందమైన సరుకుని ట్యూబ్‌లైటు కింద ఫోన్‌తో తీసి పెడుతున్నారు. ఒక్కరికి ఉచితంగా పది ఫొటోలు తీసివ్వండి. ఉచితం ఆ ఒక్కరితోనే ఆగాలి. అలాగే చర్చి పెళ్లిళ్లకి మూఢంతో పనిలేదు, నిఖా వేరే క్యాలెండర్ చూసుకుంటుంది. మీ ఏడు పెళ్లిళ్లూ మీకు తెలిసినవాళ్ల ద్వారానే వచ్చినట్టున్నాయి. వాళ్లని దాటి బయటికెళ్లండి.

ఉద్యోగం వదలడానికి నేను పెట్టే షరతు ఇదీ. వచ్చే ఆషాఢానికి ఆఫీసులో ఒక నెల సెలవడగండి, జీతం లేకుండా అయినా సరే. జనం సీజన్‌లో సెలవు పెట్టి, రోజూ పనుండేసరికి ‘భలే ఉంది’ అనుకుంటారు. మీరు పని లేని నెలలో పెట్టండి. ఆ నెలలో చీరలతోనో, తివాచీలతోనో, బర్త్‌డేలతోనో ఖర్చులన్నీ పోగా 15 వేలు సంపాదించారంటే మీరు ఈ పనికి పనికొస్తారు. తర్వాత శ్రావణం, కార్తీకం, మాఘం మామూలుగా ఉద్యోగం చేస్తూనే చేయండి. ఈలోగా ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో చేరాలి, తెలిసినవాళ్ల ద్వారా కాకుండా వచ్చిన బుకింగులు కనీసం పది ఉండాలి. అప్పుడు రాయండి రాజీనామా. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ జోలికి పోనక్కర్లేదు. పెళ్లి డబ్బు వచ్చే బ్యాంకు ఖాతా మాత్రం ఇవాళే వేరు చేయండి.

నాన్నగారి మాటకి కోపం తెచ్చుకోకండి. ఆయన చూసిన ఫొటోగ్రాఫర్లు అందరూ తిన్నాక చివరి పంక్తిలో, గుత్తివంకాయ అయిపోయాక కూర్చుని సాంబారు అన్నం తిన్నవాళ్లు. పాస్‌పోర్టు ఫొటోల మీద బతికిన స్టూడియోలు ఫోన్లు రాగానే మూతపడటమూ చూసుంటారు. రాజమండ్రిలో నా మొదటి స్టూడియో అద్దె ఆ పాస్‌పోర్టు ఫొటోలే కట్టేవి, కాబట్టి ఆయన భయం ఉత్తిది కాదని నాకు తెలుసు. ఆయనకి ఇన్‌స్టాగ్రామ్ చూపించకండి. ఏడాది పాటు రాసిన జమాఖర్చుల పుస్తకం చూపించండి.

ఇవన్నీ నిదానంగా జరిగే పనులు. ఒక్కటి మాత్రం ఇవాళ రాత్రే చేయాలి. చివరి రెండు పెళ్లిళ్ల ఫొటోలు ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయన్నారు. అంటే ఒక్క చోటే ఉన్నాయి. 2009లో ఒక పెళ్లిలో మంగళసూత్రం కట్టిన ఫొటోలున్న కార్డు కాపీ చేయకుండానే ఫార్మాట్ అయిపోయింది. అసిస్టెంట్ చేశాడని చాలాకాలం చెప్పుకున్నాను, చేసింది నేనే. పెళ్లికూతురి తల్లి నన్నేమీ అనలేదు, ‘ఒక్కటైనా లేదా బాబూ’ అని మాత్రం అడిగింది. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే అసలు ఫైలు (రా ఫైలు) ఒకటి 30 ఎంబీ అనుకున్నా, 4 వేల ఫొటోలంటే 120 జీబీ. రెండు పెళ్లిళ్లకి 240. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు పట్టుకొచ్చి కాపీ పెట్టండి. అయ్యాక అక్కడోటి ఇక్కడోటి పదిహేను ఫొటోలు తెరిచి చూడండి. తెరుచుకున్నాయా? డిస్కు మీద ఆ రెండు జంటల పేర్లు రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా అమ్మగారి బీరువాలో పెట్టండి.